సభలో శాలువాలు ఎనిమిది, కవితలు సున్నా

సంపాదకులకు నమస్కారం.

కవిత్వానికి పాఠకులు లేరని, కవులే కవుల్ని చదువుకుంటున్నారని సాహిత్య పేజీల్లోనూ సభల్లోనూ తరచు వింటున్నాం. కవిత్వ పుస్తకాలకి ప్రూఫులు దిద్దే పనిలో ఉన్న నాలాంటివాళ్లకి ఈ మాట సగమే నిజమనిపిస్తుంది. పాఠకుడు లేడని తేల్చేసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. పుస్తకం అతని ఇంటిదాకా వెళ్లిందా? వెళ్లిన పుస్తకంలో పాదం కవి విరిచిన చోటే విరిగిందా? సభకి వచ్చిన మనిషి చెవిన ఒక్క కవితైనా పడిందా? చాలా పుస్తకాల విషయంలో మూడింటికీ లేదనే చెప్పాలి.

సభతోనే మొదలుపెడతాను, డబ్బు ఎక్కువ పోయేది అక్కడే కాబట్టి. ఆహ్వానపత్రంలో సాయంత్రం ఆరు అని ఉంటుంది. జనం రాలేదని ఆరూ నలభైకి మొదలవుతుంది. జ్యోతి వెలిగించడం, ప్రార్థనాగీతం, ఒక్కొక్కరినీ బిరుదులతో సహా వేదిక మీదికి పిలవడం, పూలగుత్తులు: ఇరవై నిమిషాలు. వేదిక మీద అధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, ఆవిష్కర్త, తొలి ప్రతి అందుకునేవారు, పుస్తక పరిచయకర్త, అంకితం పుచ్చుకున్నవారు. మొత్తం ఎనిమిది మంది. ఒక్కొక్కరు పన్నెండు నిమిషాలకే ఆపేశారనుకుందాం (ఆపరు), తొంభై ఆరు నిమిషాలు. గడియారం ఎనిమిదీ ముప్ఫై ఆరు చూపిస్తుంది. శాలువాలకీ జ్ఞాపికలకీ ఫొటోలకీ ఇంకో పావుగంట. తొమ్మిదికి హాలు ఖాళీ చెయ్యాలి కనక వాచ్‌మన్ అప్పటికే తాళం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటాడు. మైకు కవి చేతికి వచ్చేది అప్పుడు. దాన్ని 'కవి స్పందన' అంటారు. ఎనిమిది మందికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పేసరికి ఆ తొమ్మిది నిమిషాలూ అయిపోతాయి. కవిత్వ పుస్తకం సభలో కవిత్వం చదవకుండానే కుర్చీలు మడతపెడతారు.

పోనీ వక్తలన్నా కవిత్వం గురించి మాట్లాడతారా అంటే, పుస్తకం వాళ్ల చేతికి ముందురోజు రాత్రి అందుతుంది. ఒక్కోసారి ఆ సాయంత్రమే. ఆటోలో ముందుమాట తిరగేసి వచ్చిన మనిషి దాన్నే తిప్పి చెబుతాడు. అది వక్త తప్పు అనుకోను. సభ తేదీ ముందు ఖాయం చేసి, పుస్తకం తర్వాత తయారు చేయించడం వల్ల వచ్చే చిక్కు ఇది. ప్రెస్సు నుంచి పొద్దున బైండింగ్ అయి వచ్చిన పుస్తకం సాయంత్రానికి అట్ట బయటికి వంగిపోతుంది. అట్టకి ఒకవైపే లామినేషన్ ఉంటుంది, రెండోవైపు కాగితం గాలిలో తేమ పీల్చుకుని సాగుతుంది. వానాకాలమైతే మరీను. జిగురు పూర్తిగా ఆరకముందే ఫొటో కోసం పుస్తకాన్ని విరిచి పట్టుకుంటే మధ్య పేజీలు చేతికొస్తాయి. బైండింగ్ అయ్యాక బరువు కింద కనీసం రెండు రోజులు ఉండనివ్వాలి. మాట్లాడేవాళ్లకి మూడు వారాల ముందు ప్రతి అందాలి. ఈ రెండూ కుదిరే తేదీకే హాలు మాట్లాడుకోవాలి.

1965 మేలో హైదరాబాదులో దిగంబర కవులు ఆరుగురూ తమ మొదటి సంపుటిని అర్ధరాత్రి వేళ నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. అందరూ అర్ధరాత్రి రోడ్డెక్కక్కర్లేదు. కానీ పుస్తకాన్ని ఎవరి చేతుల్లో పెడుతున్నామన్నది కూడా కవి చెప్పే మాటే అని ఆ ఆరుగురికీ తెలుసు. ఇవాళ ఆవిష్కర్తని వెతికే పద్ధతి వేరు. ఎవరొస్తే వార్త పడుతుందన్నదే లెక్క. మీ పత్రికకి కూడా అందులో కొంత పాత్ర ఉంది, చివర్లో చెబుతాను.

పెద్ద మార్పేమీ అక్కర్లేదు. వేదిక మీద ముగ్గురు చాలు. జ్యోతి కన్నా ముందు, స్వాగతం కన్నా ముందు, కవి నిలబడి అయిదు కవితలు చదవాలి. ఆలస్యంగా వచ్చేవాళ్లు పోగొట్టుకునేది కవిత్వమే అని ఒకసారి తెలిస్తే మరోసారి వేళకే వస్తారు. రాకపోయినా నష్టం లేదు, వచ్చినవాళ్లు విన్నారు కదా. పుస్తకాల బల్ల గుమ్మం పక్కన ఉండాలి గానీ వేదిక కింద కాదు. ఒక మనిషి దాన్ని వదలకుండా కూర్చోవాలి. చిల్లర ఉండాలి, డబ్బులు పంపడానికి స్కానర్ అట్ట ఉండాలి. పుస్తకం వెల నూటికో నూట యాభైకో ఉంటే లావాదేవీ అరనిమిషంలో తెములుతుంది. ఉచితంగా పంచడం మొదలుపెడితే బల్ల దగ్గరికి ఎవరూ రారు. 'ప్రియమిత్రునికి ఆత్మీయంగా' అని సంతకం చేసి పంచిన ప్రతులు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఎన్ని కనిపిస్తాయో పాత పుస్తకాలు ఏరుకునేవాళ్లకి తెలుసు. కొనుక్కున్న పుస్తకం అక్కడికి చేరడానికి కాస్త ఎక్కువ కాలం పడుతుంది.

ఇక చదవడం. ఉగాది కవిసమ్మేళనాల్లో సాధారణంగా ఒక్కొక్కరికి మూడు నిమిషాలు ఇస్తారు. వచన కవితని వినేవాడికి అందేటట్టు చదివితే నిమిషానికి పన్నెండు నుంచి పదిహేను పాదాలు నడుస్తాయి. ఇంట్లో గడియారం పెట్టుకుని చూసుకోవచ్చు. అంటే ముప్ఫై అయిదు, నలభై పాదాల కవిత దాకా మూడు నిమిషాల్లో పడుతుంది. డెబ్భై పాదాలది తెచ్చుకుని పరుగెత్తించడమూ, 'నేపథ్యం ఏమిటంటే' అని రెండు నిమిషాలు ఉపన్యాసం చెప్పి కవిత సగంలో ఆపడమూ ప్రతి సమ్మేళనంలోనూ జరిగేవే. నేపథ్యం చెబితే తప్ప నిలబడని కవితని సభకి తేకపోవడం మంచిది.

ఫోనులో చూసి చదివితే మధ్యలో తెర ఆరిపోతుంది. లేదా వేలు తగిలి రెండు చరణాలు పైకి పోతాయి. కాగితం మీద పదహారు పాయింట్ల అక్షరంలో, ఒకవైపే అచ్చు తీసుకోవాలి. చరణం పేజీ మధ్యలో విరగకుండా చూసుకోవాలి. మైకు నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకి ఉండాలి. ఎదురుగా పెట్టుకుంటే ప, ఫ, బ, భ పలికినప్పుడల్లా ఢాం ఢాం అని కొడుతుంది. చదువుతూ చదువుతూ స్పీకరు పెట్టె వైపు తిరిగితే కూత పెడుతుంది. అప్పుడు మైకుని చేత్తో మూసేస్తారు చాలామంది, దాంతో కూత పెరుగుతుంది. చెయ్యి తీసి పెట్టె నుంచి అవతలికి జరగాలి.

ఒక చిన్న ఫిర్యాదు. వచన కవితలో ప్రతి పాదాన్నీ రెండేసిసార్లు చదవడం ఈమధ్య అలవాటైపోయింది. ఇది ముషాయిరా, అంటే ఉర్దూ కవిసమ్మేళనం నుంచి వచ్చిన పద్ధతి. గజల్లో షేర్ (రెండు పాదాల పద్యం) మొదటి పాదాన్ని రెండుసార్లు చదవడానికి ఒక కారణం ఉంది. రెండో పాదం చివర కాఫియా (ప్రాస), రదీఫ్ (ప్రాస తరవాత ప్రతిసారీ వచ్చే మాట) ఎక్కడ వాలతాయో వినేవాడు ఊహించుకోవడానికి వ్యవధి ఇస్తారు. వాలగానే వాహ్వా అంటాడు. వచన కవితలో అలా వాలేది ఏమీ ఉండదు. రెండోసారి చదివితే మూడు నిమిషాలు ఆరు అవుతాయి, అంతే.

ఇప్పుడు మా పని దగ్గరికి వస్తాను. మన కవిత్వ పుస్తకాలు ఎక్కువగా 1/8 డెమీలో వస్తాయి, అంటే అయిదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర పొడవు. డెమీ కాగితం ఒకటి రెండువైపులా అచ్చయితే పదహారు పేజీలు, అది ఒక ఫారం. తొంభై ఆరు పేజీల పుస్తకం ఆరు ఫారాలు. అయిదు వందల ప్రతులకి ఆరు ఫారాల చొప్పున మూడు వేల కాగితాలు, ఆరు రీములు. మెషీను సర్దుకునేలోగా పాడయ్యే కాగితం దీనికి అదనం. కాగితం ఒక్కో వైపుకి ఒక అచ్చు ప్లేటు, అంటే ఒక ఫారానికి రెండు ప్లేట్ల లెక్కన లోపలి పేజీలకి పన్నెండు, నాలుగు రంగుల అట్టకి నాలుగు. వంద ప్రతులు వేసినా వెయ్యి వేసినా ప్లేట్ల ఖర్చు ఒకటే. అందుకని ఇలా ప్లేట్లతో వేసే ఆఫ్‌సెట్లో వంద ప్రతులు వేయించడం దండగ. అన్ని తక్కువ కావాలంటే డిజిటల్ ప్రింట్ చూసుకోవాలి. తొంభై ఏడో పేజీకి ఒక్క కవిత దొర్లిందంటే ఇంకో నాలుగు పేజీలైనా కలపాల్సిందే. మిగిలిన మూడు పేజీలు ఖాళీగా వదలడం ఇష్టంలేక 'కవి పరిచయం' అనీ 'పొందిన పురస్కారాలు' అనీ నింపుతారు. ఒక కవిత తీసెయ్యడం అంతకన్నా నయం. ఏ సంపుటిలోనైనా తీసెయ్యదగ్గ కవిత ఒకటి తప్పకుండా ఉంటుంది, అది కవికీ తెలుసు.

ముందుమాటల సంగతి చెప్పకుండా ఉండలేను. చలం శ్రీశ్రీ 'మహాప్రస్థానం'కి ముందుమాటగా యోగ్యతాపత్రం రాశాడు కనక తనకీ ఒకటి కావాలని ప్రతి కవికీ ఉంటుంది. ఒకటైతే బాగానే ఉండేది. ఇప్పుడు నాలుగు వేస్తున్నారు. ఒక్కోటి అయిదు పేజీలు, మొత్తం ఇరవై. కవి సొంత మాట నాలుగు, కృతజ్ఞతలు రెండు. లోపలి అట్ట, ప్రచురణ వివరాలు, అంకితం, విషయసూచిక కలిపి ఆరు. తొంభై ఆరులోంచి ముప్ఫై రెండు పోయాయి. ఆరు ఫారాల పుస్తకంలో కవిత్వం నాలుగు ఫారాలే. పాఠకుడు కాగితానికి ఇచ్చిన డబ్బులో మూడో వంతు సర్టిఫికెట్లకి పోయిందన్నమాట.

పాదాల విరుపు మీద ఎవరూ శ్రద్ధ పెట్టరు. లోపల ముప్పావు అంగుళం, బయట ఇంకొంచెం తక్కువ మార్జిను వదిలితే అచ్చుకి నాలుగు అంగుళాల పైచిలుకు వెడల్పు మిగులుతుంది. పన్నెండు పాయింట్ల అక్షరంలో సుమారు ముప్ఫై అక్షరాలు పడతాయి. కవి రాసిన పాదంలో నలభై ఉంటే పది కిందికి జారతాయి. డీటీపీలో, అంటే కంప్యూటరులో పేజీలు కూర్చేటప్పుడు, ఆ జారిన ముక్కని ఎడమ అంచుకే వదిలేస్తే చదివేవాడు దాన్ని కొత్త పాదం అనుకుంటాడు. 'వెళ్లిపోయాడు' అనే మాట ఒంటరిగా ఒక పాదమై కూర్చుంటే కవి దాన్ని అంత బరువుగా చెప్పాడనుకుని సమీక్షకుడు మెచ్చుకున్న సందర్భాలు కూడా లేకపోలేదు. జారిన ముక్కని అర అంగుళం లోపలికి జరపాలి. పుస్తకం మొత్తం ఒకే కొలత ఉండాలి. అలాగే చరణం సరిగ్గా పేజీ అడుగున అయిపోతే తరవాతి పేజీలో కొత్త చరణం మొదలైందో పాతదే నడుస్తోందో తెలీదు. అలాంటి చోట ఒక పాదాన్ని అవతలికి నెట్టడమో, పైన ఒక వరస ఖాళీ వదలడమో చెయ్యాలి. కవితకి జస్టిఫై (పాదాన్ని రెండు అంచులకీ సాగదీసే అమరిక) పెట్టి, పాదం చివర షిఫ్ట్ ఎంటర్ కొడితే పొట్టి పాదంలోని రెండు మాటలూ చెరో గట్టుకి పోతాయి. ఎడమ అలైన్‌మెంటు తప్ప కవితకి ఇంకోటి పనికిరాదు. మధ్యకి సర్ది దీపస్తంభంలా పేర్చడం పెళ్లిపత్రికల్లో చాలు.

ప్రూఫులు మూడుసార్లు చూడాలి. మొదటిది రాతప్రతితో పోల్చి, ఇద్దరు కూర్చుని, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు చూస్తూ. కళ్లతో మాత్రమే చదివితే మనసు తప్పుని తానే దిద్దుకుని ముందుకు పోతుంది, కవి విషయంలో ఇది మరీ ఎక్కువ. కంఠతా వచ్చిన కవితలో తప్పు కవికి కనిపించదు. అందుకని కవి పైకి చదవాలి, వేరేవాళ్లు చూడాలి. రెండోది దిద్దుబాట్లు పడ్డాయో లేదో చూడటానికి. ఒక తప్పు దిద్దబోతే పక్క పాదంలో వత్తు ఎగిరిపోవడం మామూలే. మూడోది పేజీల సర్దుబాటుకి. విషయసూచికలో పేజీ అంకెలు ఈ మూడో ప్రూఫు తరవాతే వెయ్యాలి. ల, ళలూ న, ణలూ ఎటూ దొరికిపోతాయి. దొరకనిది రెండు మాటల మధ్య ఖాళీ. 'రాతి గుండె'కీ 'రాతిగుండె'కీ, 'రాక పోయినా'కీ 'రాకపోయినా'కీ తేడా కవికి ఉంటుంది, ఆపరేటరుకి ఉండదు.

ఫైలు ఏ అక్షరాల్లో ఉందన్నది కూడా ముందే తేల్చుకోవాలి. చాలా ప్రెస్సుల్లో ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్లో, యూనికోడ్ కాని అను ఫాంట్లే. కవి ఫోనులో యూనికోడ్‌లో టైపు చేసి పంపితే దాన్ని కన్వర్టరులో వేసి మారుస్తారు. ఆ మార్పిడిలో సంయుక్తాక్షరాలు, ముఖ్యంగా ఇంగ్లీషు మాటల్లోవి, తలకిందులవుతాయి. కవి విరిచిన పాదాలు కొన్నిచోట్ల అతుక్కుపోతాయి. ఇంకో ఇబ్బంది ఏళ్ల తరవాత వస్తుంది. రెండో ముద్రణ వెయ్యాలనుకునేసరికి ఆ ఆపరేటరూ ఉండడు, ఆ కంప్యూటరూ ఉండదు, అను ఫైలు ఇంకో మెషీనులో తెరిస్తే చుక్కలూ గీతలూ కనిపిస్తాయి. సిలికానాంధ్ర విడుదల చేసిన ఉచిత యూనికోడ్ ఫాంట్లు, సురవరం, పెద్దన, శ్రీకృష్ణదేవరాయ లాంటివి, పుస్తకం అచ్చుకి పనికొస్తాయి. ప్రెస్సు వాళ్లు ఒప్పుకోకపోతే కనీసం ఆఖరి ప్రూఫు దిద్దుబాట్లన్నీ కవి తన యూనికోడ్ ఫైల్లో కూడా చేసి దాచుకోవాలి. ప్రెస్సుకి పంపే పీడీఎఫ్‌లో ఫాంట్లు పొదిగి ఉన్నాయో లేదో చూసుకోవాలి.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు, మన దేశంలో ఉచితం. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టుకుంటే సొంతంగా ప్రచురించుకునే కవికి కూడా ఇస్తారు. ఎవరైనా డబ్బు అడిగితే అది మధ్యవర్తి రుసుము, నంబరు ఖరీదు కాదు. అచ్చుకి పంపే వారం ముందు అడిగితే రాదు, తీరిగ్గా చూసుకోవాలి. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణ అయిన ముప్ఫై రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరా లైబ్రరీకీ, ముంబయి, ఢిల్లీల్లోని గ్రంథాలయాలకీ ఒక్కో ప్రతి సొంత ఖర్చుతో పంపాలి. దీన్ని పట్టించుకునే కవులు తక్కువ. ఇంకో నాలుగు ప్రతులు వేటపాలెం సారస్వత నికేతనానికీ, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయానికీ, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికీ, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రానికీ పంపితే యాభై ఏళ్ల తరవాత పరిశోధన చేసే పిల్లకి దొరుకుతుంది. సభలో ఎనిమిది మంది అతిథులకి ఇచ్చిన ఎనిమిది ప్రతుల మీద ఆ భరోసా ఉండదు.

మిగిలిన ప్రతులు ఎక్కడికి పోవాలి? పుస్తకాల షాపుల ద్వారా పంపితే నలభై శాతం దాకా కమిషన్, అమ్ముడయ్యాకే డబ్బు. ఇందులో మోసమేమీ లేదు. అద్దె కట్టి అరలో చోటు ఇచ్చేవాళ్లకి అది గిట్టుబాటు. కానీ కవిత్వం అరలో పడుకుని ఎవరికోసమో ఎదురుచూసే సరుకు కాదు. డిసెంబరులో హైదరాబాదు, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక ప్రదర్శనల్లో కదులుతుంది, మిగిలిన పది నెలలూ నిద్రపోతుంది. కవి ఇంట్లో మంచం కింద ఉన్న కట్టలదీ అదే గతి. నేల మీదా గోడకి ఆనించీ పెడితే చెదలు పడతాయి. బల్ల మీద, గోడకి జానెడు ఎడంగా, పాతిక ప్రతుల చొప్పున కాగితంలో చుట్టి పెట్టుకోవాలి. కమిషన్లూ, ప్రదర్శనలూ, కట్టలూ అన్నీ చూసినవాళ్లకి నా సలహా ఒకటే: పోస్టు.

పుస్తకాలు తక్కువ ఖర్చుతో పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్టు 2024 డిసెంబరులో ఆగిపోయినప్పుడు చిన్న ప్రచురణకర్తలందరూ గగ్గోలు పెట్టారు, న్యాయంగానే. 2025 మే 1 నుంచి తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్ తెచ్చింది. మూడు వందల గ్రాముల దాకా ఇరవై రూపాయలు, అయిదు కిలోల కట్టకి వంద రూపాయలు, పన్ను అదనం. ట్రాకింగ్ నంబరు ఉంటుంది. రైళ్లూ లారీల మీద వెళ్తుంది కనక వ్యవధి పడుతుంది. దీని సంగతి చాలామంది కవులకి ఇంకా తెలియదు, కౌంటర్లో పేరు చెప్పి అడిగి వేయించుకోవాలి. పుస్తకం మీద ముద్రాపకుడి పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి. ప్రకటనలు ఉన్న పుస్తకాన్ని తీసుకోరు. వెనకట్ట మీద బంధువుల వస్త్రదుకాణం శుభాకాంక్షలు వేయించుకునే అలవాటున్నవాళ్లు ఇది గమనించాలి.

ఇప్పుడు తూకం చూడండి. తొంభై ఆరు పేజీలంటే పుస్తకం కొలత కాగితాలు నలభై ఎనిమిది. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకి డెబ్భై గ్రాములు) మ్యాప్‌లితో కాగితంలో లోపలి బరువు నూరు గ్రాముల చిల్లర. మూడు వందల జీఎస్ఎం అట్ట ఇంకో పద్దెనిమిది, ఇరవై. మొత్తం నూట ఇరవై గ్రాములు. రెండు ప్రతులు ఒకే కవర్లో పెట్టినా మూడు వందల గ్రాముల లోపే. ఒకటి మీకు, ఒకటి మీ ఊళ్లో కవిత్వం చదివే ఇంకొకరికి అని రాసి రెండేసి పంపొచ్చు. యాభై కవర్లు, వంద ప్రతులు, పోస్టేజీ వెయ్యి రూపాయలు, దానిమీద పన్ను. ఎనిమిది శాలువాలు ఎంతవుతాయో కొన్నవాళ్లకి తెలుసు. దళసరి కాగితం మీద, గట్టి అట్టతో నూట అరవై పేజీలు వేస్తే ఈ లెక్క కుదరదు. చిన్న పుస్తకం వేసుకోవడానికి ఇదీ ఒక కారణమే. కవర్లో చిన్న చీటీ పెట్టి 'పదిహేడో పేజీ కవిత చదివి ఒక మాట రాయండి' అంటే రాసేవాళ్లు కొందరు ఉంటారు. 'మీ అమూల్యమైన అభిప్రాయం తెలియజేయగలరు' అంటే ఎవరూ రాయరు.

చదివేవాళ్లు కూడుకోవడానికి కూడా వేదిక అక్కర్లేదు. అమెరికాలో డిట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్ 1998 నుంచీ నడుస్తోంది. ముందే ఒక పుస్తకం అనుకుని, అందరూ చదివి, నెలకోసారి కూర్చుని మాట్లాడుకోవడం వాళ్ల పద్ధతి. మన ఊళ్లలో లైబ్రరీ గదిలోనో, బడి సెలవు రోజున ఒక క్లాసులోనో ఇదే జరగొచ్చు. ఎనిమిది నుంచి పన్నెండు మంది సరిపోతారు, పదిహేను దాటితే సభ అయిపోతుంది. కుర్చీలు గుండ్రంగా వెయ్యాలి. నెల ముందు అందరి దగ్గరా పుస్తకం ఉండాలి. ప్రతివాళ్లూ తమకి నచ్చిన కవిత కాదు, తమకి అర్థంకాక ఆగిపోయిన కవిత తేవాలి. నచ్చిందైతే మాట మెచ్చుకోలుతో ఆగిపోతుంది, ఆగిపోయిన చోటైతే పదిమందీ దాని మీద పడతారు. కవి వస్తే మంచిదే, కానీ చివరిదాకా నోరు విప్పకూడదు. మొదట్లోనే తన ఉద్దేశం చెప్పేస్తే ఇక మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. ఇలాంటి చోట పాడుచేసేది సాధారణంగా సీనియర్ సాహితీవేత్త ఒకాయన: మొదటగా అందుకుని నలభై నిమిషాలు వచన కవిత పరిణామం చెబుతారు. ఆయన్ని గౌరవంగా ఆఖర్న మాట్లాడమంటే చాలు.

చివరగా మీ పత్రికని నేరుగా అడగాల్సినవి ఉన్నాయి.

పుస్తకం పేజీలోనే ముప్ఫై అక్షరాలు పట్టే పాదం మీ కాలమ్‌లో అందులో సగం కూడా పట్టదు. మీరు వేసే కవితల్లో పాదాలు రెండుగా మూడుగా విరుగుతున్నాయి. కవితని రెండు కాలమ్‌ల వెడల్పులో వెయ్యండి, లేదా జారిన ముక్కని లోపలికి జరపండి. చోటు లేకపోతే నెలకి నాలుగు కవితల బదులు రెండే వెయ్యండి. బొమ్మ కోసం కవిత చివరి చరణం కత్తిరించడం మాత్రం మానండి. కత్తిరించక తప్పకపోతే కవికి ఒక ఫోను చెయ్యండి.

సమీక్షకి రెండు ప్రతులు అడుగుతారు, పంపుతున్నాం. అన్నిటికీ సమీక్ష సాధ్యం కాదని అందరికీ తెలుసు. కానీ 'స్వీకారం'లో పుస్తకం పేరు, కవి పేరు మాత్రమే వేసి వదిలేస్తే కొనాలనుకునేవాడికి దారి దొరకదు. పేజీలు, వెల, ప్రతులు దొరికే చోటు, వీలైతే ఆ పుస్తకంలోంచి రెండు పాదాలు: ఇవన్నీ కలిపి నాలుగు వరసలే.

కవిత పంపేవాళ్ల దగ్గర సొంత రచన అనీ, ఎక్కడా అచ్చుకాలేదనీ హామీపత్రం తీసుకుంటారు. అందులో తప్పు లేదు. దానికి బదులుగా వెయ్యడం లేదన్న ముక్క కూడా నెల రోజుల్లో చెప్పాలి. ఆరు నెలలు మౌనంగా ఉంటే కవి ఇంకో పత్రికకి పంపాలో వద్దో తెలీక కూర్చుంటాడు. విసిగి పంపితే రెండు చోట్లా ఒకే వారం అచ్చవుతుంది, తరవాత ఇద్దరు సంపాదకులూ అతని పేరు పక్కన పెట్టేస్తారు.

సభల వార్తల మాట మిగిలింది. 'ఫలానా హాలులో ఫలానా కవితా సంపుటి ఆవిష్కరణ జరిగింది' అని మొదలై, వేదిక మీద కూర్చున్నవాళ్ల పేర్లతో అయిదు వరసలు నిండుతాయి. ఆ పేర్లు అచ్చులో చూసుకోవడానికే వేదిక మీద ఎనిమిది కుర్చీలు వేస్తున్నారు. సభలో చదివిన కవితలోంచి మూడు పాదాలు వేసే వార్తే తీసుకుంటామని మీ విలేకరులకి చెప్పండి. చోటు కోసం వెతుక్కోనక్కర్లేదు, ఒక విశిష్ట అతిథినీ ఒక ఆత్మీయ అతిథినీ తీసేస్తే సరిపోతుంది.

భవదీయుడు,
ఒక ప్రూఫ్ రీడర్,
విజయవాడ